ఘనా వెళ్తున్నారా? ప్రభుత్వాల ట్రావెల్ అడ్వైజరీని ఎలా చదవాలి, ఏం చేయాలి

"ఘనా సేఫేనా అండీ?" ఉద్యోగం వచ్చిన కుర్రాళ్లు, కొడుకు దగ్గరికి వెళ్లబోతున్న తల్లిదండ్రులు, టెమా రేవులో ఓడ ఎక్కాల్సిన వాళ్లు, అందరూ అడిగేది ఈ ఒక్క ప్రశ్నే. అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పేస్తే ఆ జవాబు సగం తప్పే అవుతుంది. అమెరికా వాళ్ల పేజీ చూసి బెంబేలెత్తి వచ్చిన ఆఫర్ వదులుకున్న వాళ్లున్నారు. "అక్కడంతా మనవాళ్లే సార్" అని ఏజెంటు చెప్పిన మాట నమ్మి ఏమీ చదవకుండా విమానం ఎక్కినవాళ్లూ ఉన్నారు. అడ్వైజరీ అనేది దేశానికిచ్చే మార్కుల షీటు కాదు. ఏ ప్రాంతంలో, ఏ కారణంగా, ఏ పని చేసేవాళ్లు జాగ్రత్తపడాలో అందులో రాసి ఉంటుంది. దాన్ని మీ ప్రయాణానికి అన్వయించుకోవడం ఎలాగో ఇక్కడ వరుసగా చెబుతాను.

ఉదాహరణలన్నీ ఘనావే. నైజీరియా, సెనెగల్, ఐవరీ కోస్ట్‌లకు వెళ్లేవాళ్లకూ పద్ధతి ఇదే, వివరాలు మాత్రం మారతాయి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- వెళ్లే ఊళ్ల పేర్లు, తేదీలు. ఉద్యోగమైతే ఆఫీసు అడ్రస్‌తో పాటు పని సైటు ఉన్న ఊరు కూడా.
- పాస్‌పోర్టు, ఆఫర్ లెటర్ లేదా ఆహ్వాన పత్రం.
- ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఉంటే అది. లేకపోతే ఐదో దశ ముందు చదవండి, ఎందుకంటే దానికి రోజులు పడతాయి.
- ప్రయాణ బీమా పూర్తి పాలసీ పత్రం. రెండు పేజీల బ్రోచర్ చాలదు.
- ఫోన్‌లో ఘనా మ్యాప్, ఒక నోటు పుస్తకం, తీరిగ్గా ఒక పూట.

1. ఊళ్ల జాబితా రాయండి

ఘనాలో 16 రీజియన్లు ఉన్నాయి. ప్రతి ఊరి పక్కన దాని రీజియన్ పేరు రాయండి. రాజధాని అక్రా, రేవు పట్టణం టెమా గ్రేటర్ అక్రాలోకి వస్తాయి. కుమాసి అషాంటిలో, టకొరాడి వెస్టర్న్‌లో, టమాలె నార్తర్న్‌లో, బోల్గటంగా అప్పర్ ఈస్ట్‌లో ఉన్నాయి. అడ్వైజరీలు మాట్లాడేది ఈ పేర్లతోనే. ఒక ఊరి నుంచి మరో ఊరికి ఎలా వెళ్తారో, పగలో రాత్రో అదీ రాయండి. ఊరు ప్రశాంతంగా ఉన్నా దారి అలా ఉండకపోవచ్చు.

2. ఒక్క పేజీతో ఆగకండి

మొదట మన విదేశాంగ శాఖ పేజీ, అక్రాలోని భారత హైకమిషన్ పేజీ చూడండి. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన ప్రభుత్వం సాధారణంగా ఏదైనా జరిగినప్పుడు ప్రకటన ఇస్తుంది. అన్ని దేశాలకూ రోజూ నడిచే వివరమైన పేజీలు బ్రిటన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా ప్రభుత్వాలు నడుపుతాయి. కాబట్టి మన వాళ్ల సైట్‌లో ఘనా పేరు కనిపించకపోతే అంతా బాగుందని అర్థం చేసుకోకండి.

ఆ నాలుగింటిలో కనీసం రెండు చదవండి. స్థానిక వివరాలకు నాకు బ్రిటన్ పేజీ బాగా పనికొస్తుంది. అమెరికా పేజీలో కారణాలు సూటిగా ఉంటాయి. వీసా నిబంధనలు, కాన్సులేట్ సాయం గురించిన భాగాలు మాత్రం వాళ్ల పౌరులకు రాసినవి, వాటిని వదిలేయండి. వీసా సంగతి ఢిల్లీలోని ఘనా హైకమిషన్ దగ్గరే తేల్చుకోవాలి.

3. రంగు చూసి ఆగిపోకండి, మీ ఊరి పేరు వెతకండి

అమెరికా పద్ధతిలో నాలుగు స్థాయిలు ఉంటాయి. ఒకటి, మామూలు జాగ్రత్తలు చాలు. రెండు, జాగ్రత్త పెంచాలి. మూడు, వెళ్లాలా వద్దా అని మళ్లీ ఆలోచించాలి. నాలుగు, వెళ్లొద్దు. అంకె పక్కన ఉండే ఇంగ్లిష్ అక్షరాలను చాలామంది పట్టించుకోరు కానీ అసలు సమాచారం వాటిలోనే ఉంది. 'సి' నేరాలకు, 'టి' ఉగ్రవాదానికి, 'యు' అల్లర్లకు, 'కె' అపహరణలకు, 'హెచ్' ఆరోగ్యానికి గుర్తు. రెండు దేశాలకు ఒకే అంకె ఉన్నా, ఒకచోట కారణం జేబుదొంగలు కావచ్చు, మరోచోట కిడ్నాపులు కావచ్చు.

బ్రిటన్ పద్ధతిలో అంకెలు లేవు. 'అసలు వెళ్లొద్దు', 'తప్పనిసరి అయితే తప్ప వెళ్లొద్దు' అనే రెండు మాటలుంటాయి, మ్యాప్ మీద ఎరుపు, కాషాయ రంగులుంటాయి. ఆకుపచ్చ రంగు ఉంటే భయం లేదని కాదు, వెళ్లే ముందు మిగతా పేజీ చదవమని.

ఇప్పుడు ఘనా సంగతి. ఇటీవలి సంవత్సరాల్లో అడ్వైజరీలు ఎక్కువగా హెచ్చరిస్తున్నది ఉత్తరాన బుర్కినా ఫాసో సరిహద్దు వెంబడి ఉన్న ప్రాంతం గురించి, ముఖ్యంగా అప్పర్ ఈస్ట్‌లోని బాకు పట్టణం గురించి. బాకులో కుసాసి, మాంప్రుసి వర్గాల మధ్య నాయకత్వం కోసం దశాబ్దాలుగా గొడవ నడుస్తోంది. 2021 చివర్లో అది మళ్లీ రాజుకుంది. అక్కడ కర్ఫ్యూలు, కాల్పులు కొత్త కాదు. సరిహద్దుకు అవతల బుర్కినా ఫాసోలో సాయుధ ముఠాల సమస్య వేరే ఉంది.

అక్రా నుంచి బాకు దాదాపు 800 కిలోమీటర్లు. అక్రాలో ఆఫీసు, టెమాలో ఫ్యాక్టరీ ఉన్నవాళ్లకు ఆ హెచ్చరిక నేరుగా తగలదు. కేప్ కోస్ట్ కోట, కాకుమ్ అడవి చూసి వచ్చేవాళ్లకూ తగలదు. అదే మీది సోలార్ ప్లాంట్ పనో, బోర్‌వెల్ పనో, రోడ్డు పనో అయితే సైటు ఉత్తరాన ఉందేమో ఒకటికి రెండుసార్లు అడగండి. సరదాగా వెళ్లేవాళ్లకు పాగా మొసళ్ల చెరువు చూడాలని ఉంటుంది, అది సరిగ్గా సరిహద్దు మీదే ఉంది. మోలె నేషనల్ పార్కుకు వెళ్లాలంటే అక్రా నుంచి టమాలెకు విమానంలో వెళ్లి, అక్కడి నుంచి పగటిపూట రోడ్డు మీద వెళ్లడం మంచిది. బయల్దేరే వారం ఆ రీజియన్ వార్తలు చూసుకోండి.

పొరుగు దేశాల సంగతి విడిగా చెప్పాలి. మాలీ, నైజర్, బుర్కినా ఫాసోలను ఘనాతో కలిపి చూడకండి. 2025 జూలై 1న మాలీ పడమటి ప్రాంతమైన కాయెస్‌లో ఒక సిమెంట్ ఫ్యాక్టరీ మీద దాడి చేసి ముగ్గురు భారతీయులను ఎత్తుకెళ్లారు. వాళ్లలో తెలుగువాడూ ఉన్నాడు. అదే నెలలో నైజర్‌లోని దోసో ప్రాంతంలో జరిగిన దాడిలో ఇద్దరు భారతీయులు చనిపోయారు. కాయెస్ సెనెగల్ సరిహద్దు వైపు ఉంది, చాన్నాళ్లు గొడవంతా ఉత్తర, మధ్య మాలీలోనే అనుకునేవారు. "మా సైటు గొడవలకు దూరం" అని కంపెనీ చెప్పినా, ఆ మాట ఎప్పటిదో అడగండి. ఘనాలో చేరాక "రెండు నెలలు పక్క దేశం సైటుకు వెళ్లిరా" అంటే ఈ దశలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయాలి.

4. తేదీ, మార్పు చూడండి

పేజీలో చివరిసారి ఎప్పుడు మార్చారో, ఏం మార్చారో చదవండి. కొన్నిసార్లు మార్పు ఒక టీకా వాక్యం గురించే ఉంటుంది, హెచ్చరిక అలాగే ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగే స్క్రీన్‌షాట్లలో తేదీ కత్తిరించి ఉంటుంది. అలాంటివి చూసి టెన్షన్ పడొద్దు, ధైర్యమూ తెచ్చుకోవద్దు. ఆ పేజీల్లో ఈమెయిల్ అలర్ట్ సదుపాయం ఉంటే పెట్టుకోండి. టికెట్ కొనే ముందు ఒకసారి, బయల్దేరే ముందు రోజు ఒకసారి చదవడం కనీస పద్ధతి.

5. ఎల్లో ఫీవర్ టీకా, మలేరియా మందులు

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ఘనాలో దిగాలంటే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ ఉండాలి, 9 నెలలు దాటిన పిల్లలకు కూడా. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది. రేపు విమానం, ఈరోజు టీకా అంటే కుదరదు. 2016 జూలై నుంచి ఒక్క డోసు కార్డు జీవితాంతం చెల్లుతుంది, పదేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాలన్నది పాత నియమం.

టీకా కేంద్ర ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ చాలామందికి తెలిసిన కేంద్రం. మిగతా ఊళ్ల జాబితా కేంద్ర ఆరోగ్య శాఖ సైట్‌లో ఉంటుంది. ఒక సీసాలో చాలా డోసులుంటాయి, తెరిచాక కొద్ది గంటల్లో వాడేయాలి. అందుకే కొన్ని కేంద్రాలు వారంలో కొన్ని రోజులే, ముందు పేరు నమోదు చేసుకున్నవాళ్లకే వేస్తాయి. కనీసం నెల ముందు ఫోన్ చేయండి.

కార్డు చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి చూసుకోవాల్సినవి: పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా, పాస్‌పోర్టు నంబర్ సరిగ్గా ఉందా, టీకా బ్యాచ్ నంబర్, డాక్టర్ సంతకం, కేంద్రం ముద్ర ఉన్నాయా. ఇంటిపేరు ముందూ వెనకా కావడం మన తెలుగువాళ్లకు మామూలే. కార్డు మీద ఆ తేడా రానివ్వకండి.

హెచ్చరిక: 60 ఏళ్లు దాటి మొదటిసారి వేయించుకునేవాళ్లు, గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ను అడిగి తీరాలి. అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు టికెట్ కొనకముందే ఈ పని చేయండి. వైద్య మినహాయింపు పత్రం దొరికినా తిరిగొచ్చేటప్పుడు ఇబ్బంది తప్పకపోవచ్చు. మన దేశం ఈ విషయంలో చాలా కఠినం. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి చెల్లే కార్డు లేకుండా దిగితే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెడతారు. కాబట్టి అక్కడ దిగాక కూడా కార్డు పారేయకండి, ఫొటో తీసుకుని అసలుది పాస్‌పోర్టుతోనే ఉంచండి.

ఇక మలేరియా. "మన దగ్గరా మలేరియా ఉందిగా, మనకేం కాదు" అనే మాట వదిలేయండి. ఘనాలో అన్ని ప్రాంతాల్లో, ఏడాది పొడవునా మలేరియా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ప్రాణాంతకమైన ఫాల్సిపేరం రకం, క్లోరోక్విన్‌కు లొంగదు. నివారణ మందు డాక్టరే రాయాలి. అటోవాక్వోన్ ప్రోగ్వానిల్ అయితే బయల్దేరే ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 7 రోజులు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే ముందు అదే లెక్క, తిరిగొచ్చాక మాత్రం 4 వారాలు. మెఫ్లోక్విన్ కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టాలి. ఇంటికి రాగానే మందు ఆపేయడమే అందరూ చేసే పొరపాటు. ఏళ్ల తరబడి ఉండబోయేవాళ్లకు లెక్క వేరు, అది డాక్టర్‌తోనే మాట్లాడండి. దోమతెర, ఒంటికి రాసుకునే మందు ఎలాగూ ఉండాలి.

తిరిగొచ్చాక ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టర్‌కు చెప్పాల్సిన మొదటి మాట, "నేను ఘనా నుంచి వచ్చాను". లేకపోతే వైరల్ అనో డెంగీ అనో నాలుగు రోజులు గడిచిపోతాయి. ఫాల్సిపేరం విషయంలో ఆ నాలుగు రోజులు చాలా ఎక్కువ.

6. బీమా పత్రంలో నాలుగు ప్రశ్నలు

ఘనా పేరుతో కవరేజీ ఉందా? అవసరమైతే వేరే దేశానికి విమానంలో తరలించే ఖర్చు ఇస్తారా? ప్రభుత్వం వెళ్లొద్దన్న ప్రాంతానికి వెళ్తే పాలసీ చెల్లదని ఎక్కడైనా రాసి ఉందా? బీపీ, షుగర్ ముందే ఉంటే వాటి సంగతేంటి? జవాబులు ఫోన్‌లో విని ఊరుకోకండి, ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఆసుపత్రిలో ముందు డిపాజిట్ కట్టమంటే ఎలాగన్నది కూడా అడగండి. కంపెనీ గ్రూప్ పాలసీ ఉందంటే మీ పేరుతో సర్టిఫికెట్ అడిగి తీసుకోండి.

7. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు అదనంగా చేయాల్సింది

ఏజెంటు పేరు, లైసెన్స్ నంబర్ కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో కొట్టి చూడండి. రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోగల గరిష్ఠ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షల్లో అడుగుతున్నాడంటే అక్కడే ఆగండి. ఇంకో సంగతి. గల్ఫ్‌కు వెళ్లేటప్పుడు పదో తరగతి పాస్ కానివాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (దేశం విడిచి వెళ్లడానికి మన ప్రభుత్వ అనుమతి) అనే గడప ఒకటి అడ్డం ఉంటుంది. ఘనా ఆ దేశాల జాబితాలో లేదు. అంటే మీ కాగితాలను మీకు బదులు ఆపి చూసేవాళ్లు ఎవరూ లేరు, మీరే చూసుకోవాలి.

"ముందు విజిటింగ్ వీసా మీద రా, అక్కడ మార్చుకుందాం" అనే మాట వింటే వెళ్లకండి. పని చేయాలంటే వర్క్ పర్మిట్, రెసిడెన్స్ పర్మిట్ కావాలి. అవి ఎవరు తీస్తారు, ఎన్ని రోజుల్లో, ఎవరి ఖర్చుతో అన్నది ఆఫర్ లెటర్‌లోనే ఉండాలి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకుంటామంటే ఒప్పుకోకండి. అనుమానం ఉంటే తెలంగాణవాళ్లు విదేశీ ఉద్యోగాలు చూసే రాష్ట్ర సంస్థ టామ్‌కామ్‌ను, ఆంధ్రప్రదేశ్‌వాళ్లు ప్రవాసుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీని అడగవచ్చు.

ఓడల్లో పనికి వెళ్లే శ్రీకాకుళం, విశాఖ కుర్రాళ్లకు దారి వేరు. ఏజెంటుకు కేంద్ర నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ (ఓడ సిబ్బందిని చేర్చుకునే) లైసెన్స్ ఉండాలి. పశ్చిమ ఆఫ్రికా తీరంలోని గినియా సింధుశాఖలో ఓడల మీద దాడులు, సిబ్బంది అపహరణలు ఇప్పటికీ జరుగుతున్నాయి. ఓడ ఏ రేవుల మధ్య తిరుగుతుందో, దాని భద్రతా ఏర్పాట్లేమిటో సంతకానికి ముందే అడగండి.

8. తెలియక చేసినా కేసయ్యే పనులు

- సైనికుల దుస్తుల డిజైన్ ఉన్న చొక్కా, ప్యాంటు, టోపీ మామూలు జనం వేసుకోకూడదు. పిల్లల బట్టల్లో కూడా చూసుకోండి. మన బజార్లలో ఆ డిజైన్‌తో అమ్మే కార్గో ప్యాంట్లు పెట్టెలోంచి తీసేయండి.
- విమానాశ్రయం, సైనిక స్థావరాలు, అధ్యక్షుడి కార్యాలయం జూబిలీ హౌస్ వైపు ఫోన్ ఎత్తి ఫొటో తీయకండి.
- బంగారం. "ఇక్కడ గ్రాము సగం ధరకే" అని ఎవరైనా దగ్గరైతే అది మోసం. 2025 మే నుంచి స్థానిక బంగారం కొనుగోలు, అమ్మకాల్లో విదేశీయులకు చోటు లేదు. అంతా ఘనా గోల్డ్ బోర్డు చేతిలోకి వెళ్లింది. గలామ్సే అని పిలిచే అక్రమ తవ్వకాలకు పెట్టుబడి, యంత్రాలు ఇచ్చినా జైలే.
- చిల్లర వ్యాపారం స్థానికులకే కేటాయించారు. బజారులో చిన్న దుకాణం పెడదామన్న ఆలోచన ఉంటే మానుకోండి.

9. అక్కడ దిగాక

యాప్‌లో బుక్ చేసే కార్లు అక్రాలో బాగానే నడుస్తాయి, ఎక్కే ముందు నంబర్ ప్లేటు సరిచూసుకోండి. ట్రోట్రో అనే షేరింగ్ వ్యాన్లు చవక, కానీ కొత్తవాళ్లు సామానుతో ఎక్కడం మంచిది కాదు. రాత్రిపూట ఊళ్ల మధ్య ప్రయాణం వద్దని దాదాపు అన్ని అడ్వైజరీలూ చెబుతాయి. లైట్లు లేని లారీలు రోడ్డు మధ్యలో ఆగి ఉంటాయి, అందుకే ఈ ఒక్క సలహాను నేను నియమంలా పాటించమంటాను. అక్కడ వాహనాలు కుడివైపున నడుస్తాయి. రోడ్డు దాటేటప్పుడు మన అలవాటు కొద్దీ కుడివైపు మొదట చూస్తే ఎడమ నుంచి వచ్చేది కనిపించదు.

సముద్రం చూసి దిగేయకండి, లోపలికి లాగేసే ప్రవాహాలు బలంగా ఉంటాయి. మే నుంచి జూలై వరకు దక్షిణాన వానలు. అక్రాలో నీళ్లు తొందరగా నిలుస్తాయి. 2015 జూన్ 3న వరద, దానితోపాటే పెట్రోల్ బంకు పేలుడు కలిసి 150 మందికి పైగా చనిపోయారు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హర్మటాన్ అనే ధూళి గాలి వీస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ పట్టుకెళ్లండి, దేశం లోపల తిరిగే విమానాలు ఆలస్యమవుతాయని లెక్కేసుకోండి.

ఎవరికైనా ఏదైనా ఎడమ చేత్తో ఇస్తే మర్యాద కాదు. ఇది మనకు కొత్తగా నేర్పక్కర్లేదు.

తరచూ జరిగే పొరపాట్లు

అడ్వైజరీని ఒక్కసారి చదివి, ఆరు నెలల తర్వాత అదే జ్ఞాపకంతో బయల్దేరడం. ఘనా అన్న పేరు లేని "ఆఫ్రికా వార్త" చూసి ప్రయాణం మానుకోవడం. అక్రాలో పదేళ్లుగా ఉన్న బంధువు మాటను ఉత్తరాది సైటుకు కూడా వర్తింపజేయడం. ఆయనకు తెలిసింది అక్రా. టోగో సరిహద్దు అఫ్లావో అక్రాకు దగ్గరేనని వీసా లేకుండా ఆ దేశ రాజధాని లోమే చూసొద్దామనుకోవడం కూడా ఇందులోకే వస్తుంది.

సరిగ్గా చేశారో లేదో ఇలా చూసుకోండి

నోటు పుస్తకంలో ప్రతి ఊరి ఎదురుగా మూడు మాటలుండాలి: అడ్వైజరీ ఏమంది, ఎందుకంది, నేను ఏం మార్చుకున్నాను. మూడో గడి అన్నిచోట్లా ఖాళీగా ఉంటే మీరు చదివారు, అంతే. ఇంకా పని చేయలేదు.

తర్వాత ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు అడగండి. ఏ ఊళ్లో, ఏ అడ్రస్‌లో ఉంటాను? కంపెనీలో ఎవరికి ఫోన్ చేయాలి? బీమా పాలసీ నంబర్ ఎక్కడుంది? పాస్‌పోర్టు, వీసా, టీకా కార్డు కాపీలు ఎక్కడున్నాయి? నా ఫోన్ ఎన్ని గంటలు పలకకపోతే కదలాలి, ముందు ఎవరిని పట్టుకోవాలి? తడుముకుంటే ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అందులో అక్రాలోని భారత హైకమిషన్ అత్యవసర నంబర్, ఘనా పోలీసు 191, అగ్నిమాపక దళం 192, అంబులెన్స్ 193, ఉమ్మడి నంబర్ 112 ఉండాలి. ఆ నాలుగు నంబర్లు ఘనా లోపలి నుంచే కలుస్తాయి. ఇంటి నుంచి చేయాలంటే హైకమిషన్, కంపెనీ నంబర్లకు ముందు 233 కోడ్ కలిపి రాయండి, ఒకసారి డయల్ చేసి మోగుతుందో లేదో చూడండి.